క్రూడు పడిన చేలో పొడి చల్లి వెళ్ళిపోయే అయ్యలకు ఒక బహిరంగ లేఖ

కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాసు తీస్తున్న సంస్థల పర్యావరణ విభాగాల అధికారులకు, వారి దగ్గర కాంట్రాక్టు తీసుకుని నేల శుభ్రం చేసేవారికి,

నమస్కారం.

పైపు పగిలి చేలో క్రూడు, అంటే ముడి చమురు, పడితే మీరేం చేస్తారో మా కోనసీమలో చిన్న పిల్లాడు కూడా చెప్పేస్తాడు. వాల్వు కట్టేస్తారు. ట్యాంకరు తెచ్చి పైన తేలిన నూనె పీలుస్తారు. నల్లబడిన మట్టిని కొంత గీకి ట్రాక్టర్లో ఎత్తుకెళతారు. తర్వాత బస్తాల్లో ఒక పొడి దిగుతుంది. ఇందులో నూనె తినే సూక్ష్మజీవులున్నాయి, ఇక మీకేం భయం లేదని రైతుకు చెప్పి, నీళ్ళు నిలిచిన మడిలోనే ఆ పొడి చల్లి, ఫొటోలు తీసుకుని వెళతారు. ఆ తర్వాత ఫైలు మూతపడుతుంది.

నేను డిగ్రీ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషిని. ఆ బ్యాక్టీరియా నూనె తింటుందన్న మాట అబద్ధం కాదు. దాని మీద నాకు మీకన్నా ఎక్కువ నమ్మకమే ఉంది. కానీ దానిచేత పని చేయించుకునే తీరు అది కాదు. నీళ్ళ మడిలో పొడి చల్లడమంటే కూలీని పిలిచి, ముక్కూ నోరూ మూసి, పని చెయ్యమనడమే.

మా బంధువుల కౌలు చేలో ఇలాగే జరిగింది. ఏ కంపెనీయో రాయను, ఈ ఉత్తరం ఒక్కరి కోసం కాదు గనుక. సార్వా చేను పొట్ట మీద ఉన్నప్పుడు పక్క గట్టు కింది లైను కారింది. నీళ్ళు తీసేశాక చూస్తే ప్రతి దుబ్బుకీ ఒకే ఎత్తున నల్లటి గీత. నీటి మట్టం ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా నూనె అంటుకుని ఉంది. బోదెలోంచి మురుగు కాలువలోకి కూడా కొంత పోయింది. మరుసటి ఏడాది వేసవిలో ఆ చేని చెక్క మీద చెంబుడు నీళ్ళు పోసి చూశాను. మట్టిలోకి ఇంకకుండా చామాకు మీద బొట్టులా గుండ్రంగా దొర్లిపోయాయి. పైకి చూస్తే మాత్రం ఎండిన మామూలు నల్లరేగడే. మీ కాగితాల ప్రకారం అప్పటికే ఆ స్థలం 'శుద్ధి అయిపోయింది'.

ముందు ఆ బ్యాక్టీరియా సంగతి రెండు మాటల్లో చెబుతాను. మీలో చాలామందికి తెలిసిందే అయినా, ఈ ఉత్తరం చదివే రైతులకు తెలియాలి.

నూనె తినే బ్యాక్టీరియా ఎక్కడినుంచో బస్తాలో రావలసిన పని లేదు. సూడోమోనాస్, రోడోకాకస్, అసినెటోబాక్టర్, మైకోబాక్టీరియం జాతుల్లో ఈ విద్య వచ్చినవి ఉన్నాయి. మన నేలల్లో అవి ముందు నుంచీ ఉంటాయి. చమురు లేని చేలో అవి ఎందుకుంటాయంటారా? ఆకుల మీద ఉండే మైనంలోనూ ముడి చమురులో ఉండేలాంటి పొడుగు కర్బన గొలుసులే ఉన్నాయి. రాలిన ఆకుల మైనం ఎప్పటినుంచో వాటి తిండి. చేలో క్రూడు పడగానే కొన్ని వారాల్లో వాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. గొలుసు చివర ఒక ఆక్సిజన్ పరమాణువును తగిలించి దాన్ని ఆల్కహాలుగా, ఆపైన కొవ్వు ఆమ్లంగా మారుస్తాయి. అక్కడినుంచి ఏ కొవ్వునైనా అరిగించుకున్నట్టే అరిగించుకుంటాయి. చివరికి మిగిలేది బొగ్గుపులుసు గాలి, నీరు, మరికొన్ని బ్యాక్టీరియా.

చూడండి, ఆ మొదటి అడుగుకే ఆక్సిజన్ కావాలి. లెక్క వేస్తే, కిలో నూనె పూర్తిగా కరగాలంటే సుమారు 3.4 కిలోల ఆక్సిజన్ పడుతుంది. నీళ్ళు పెట్టిన వరి మడిలో పైన కొన్ని మిల్లీమీటర్ల పొర తప్పిస్తే, కింద ఉన్న ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. వరి మొక్క తన కాడలోని గొట్టాల ద్వారా వేళ్ళకు గాలి పంపుకుంటుంది కాబట్టి బతుకుతుంది. గాలి లేని చోట కూడా నూనెను నములుకునే జాతులు కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ వాటి పని బహు నెమ్మది. మీరు చల్లిన పొడిలోవి మాత్రం గాలి కావలసిన రకాలే. బురదలో అవి చేయగలిగిందేమీ లేదు.

రెండోది తిండి. నూనెలో కర్బనం బోలెడు ఉంది గాని నత్రజని, భాస్వరం లేనట్టే. నూరు పాళ్ళ కర్బనానికి అయిదు నుంచి పది పాళ్ళ నత్రజని, ఒక పాలు భాస్వరం అన్నది ఈ రంగంలో వాడుక లెక్క. దీన్ని చేలోకి దించి చూద్దాం. ఎకరం నేలలో అర అడుగు లోతు మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో నూటికి ఒక పాలు నూనె ఉంటే 9 టన్నుల నూనె. దాంట్లో కర్బనం ఏడున్నర టన్నుల పైచిలుకు. ఆ లెక్కన నత్రజని 380 నుంచి 760 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తాలు 18 నుంచి 37 దాకా! వరికి ఎకరాకు రెండు మూడు బస్తాలు వేసే రైతు ఈ అంకె వింటే నవ్వుతాడు. ఇంత ఒకేసారి కుమ్మరిస్తే ఉప్పు పెరిగి, అమ్మోనియా ఎక్కి ఆ బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. చచ్చిన బ్యాక్టీరియాలోని నత్రజని తిరిగి మట్టికే చేరి మళ్ళీ పనికొస్తుంది కాబట్టి నిజానికి అంతా వెయ్యనక్కర్లేదు కూడా. కొంచెం కొంచెం, విడతలుగా, నెలల తరబడి వెయ్యాలి. మీరు నాలుగు బస్తాల పొడి చల్లి వెళ్ళిపోయిన చోట ఒక్క బస్తా సూపర్ ఫాస్ఫేటయినా వేసిన దాఖలా నాకు కనిపించలేదు.

ఇవి నా సొంత సిద్ధాంతాలు కావు. 1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాళ్ళకు తగిలి సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల ముడి చమురు సముద్రంలో పడింది. ఆ తీరాన్ని బాగుచేయడంలో అక్కడివాళ్ళు నమ్ముకున్నది స్థానిక సూక్ష్మజీవులనే. వాళ్ళు చేసింది గులకరాళ్ళ తీరం మీద ఎరువు చల్లడం: నూనెకు అంటుకునే ద్రవం ఒక రకం, మెల్లగా కరిగే గుళికలు ఇంకో రకం. ఎరువు పడిన చోట నూనె త్వరగా తగ్గింది. ఇక్కడిదాకా మీ బ్రోచర్లలోనూ ఉంటుంది. తర్వాతి కథ ఉండదు. 2001లో అదే తీరంలో వేల గోతులు తవ్వి చూస్తే అడుగున ఇంకా నూనె ఉంది. పై పొరలో గాలి ఆడింది, నూనె పోయింది. కింది పొరలో గాలి ఆడలేదు, నూనె మిగిలింది. గులకరాళ్ళ తీరంలోనే ఇలా ఉంటే మా రేగడి అడుసులో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నూనె తినే బ్యాక్టీరియా అనగానే చదువుకున్నవాళ్ళకు మన బెంగాలీ శాస్త్రవేత్త ఆనంద చక్రవర్తి గుర్తొస్తారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ ఆయన నాలుగు జాతుల సామర్థ్యాన్ని ఒకే సూడోమోనాస్‌లో పెట్టారు. జీవికి పేటెంటు ఇవ్వొచ్చా అన్న గొడవ అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1980లో అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా ఆయన పక్షాన తీర్పొచ్చింది. చరిత్ర పాఠంగా బాగుంటుంది. కానీ ఆ బ్యాక్టీరియాను చమురు ఒలికిన ఏ చోటా వాడలేదు. ఊరూ పేరూ లేని స్థానిక బ్యాక్టీరియాకు గాలీ ఎరువూ అందించడమే ఇప్పటికీ జరుగుతున్న పని.

మన దేశంలోనూ మంచి పని జరగకపోలేదు. ఢిల్లీలోని టెరి అనే పరిశోధన సంస్థ నూనె బురద దొరికిన చోట్ల నుంచే బ్యాక్టీరియాను ఏరి, కొన్నిటిని కలిపి, గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెల పొడికి పట్టించి 'ఆయిల్‌జాపర్' అన్న పేరుతో తయారుచేసింది. గుజరాత్, అస్సాం చమురు క్షేత్రాల్లో వాడారు. ఆ పొడి మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే అలాంటి పొడి పని చేసేది తిరగదున్ని, తడి చూసుకుని, ఎరువు వేసి, నెలల తరబడి ఒకరు కనిపెట్టుకుని ఉన్న చోట. మా దగ్గరికి వచ్చేసరికి పొడి ఒక్కటే వస్తుంది, మిగతాదంతా దారిలో ఎక్కడో రాలిపోతుంది.

దీనికి ఫలితం ఎలా ఉంటుందో నైజీరియాలోని ఒగోనీల్యాండ్ చెబుతుంది. గోదావరిలాగే అదీ ఒక డెల్టా, నైజర్ నది డెల్టా. అక్కడా చేల మధ్యనుంచే పైపులు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2011లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: శుద్ధి పూర్తయిందని షెల్ చమురు కంపెనీ అనుబంధ సంస్థ రికార్డుల్లో రాసుకున్న స్థలాల్లో 15 తీసుకుని పరీక్షిస్తే, 10 చోట్ల కాలుష్యం ఆ సంస్థే పెట్టుకున్న ముగింపు హద్దును దాటి ఉంది. పై మట్టిని కదిపి, కుప్పలు చేసి, ప్రకృతికి వదిలేసే పద్ధతినే అక్కడ నమ్ముకున్నారు. కింద 5 మీటర్ల లోతున కూడా నూనె దొరికిన చోట్లున్నాయి. ఒక ఊళ్ళో తాగే బావినీళ్ళలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుకు 900 రెట్లు పైన ఉంది. అంత ఘోరం ఇక్కడ జరిగిందని నేననడం లేదు. కాగితం మీద మూసేసిన ఫైలుకూ, మట్టిలో మిగిలిన నూనెకూ సంబంధం ఉండకపోవచ్చునని మాత్రం అంటున్నాను.

అందుకే అడుగుతున్నాను, కొలతలు చూపించండి.

ఏ కొలతలో కూడా చెబుతాను, ఎందుకంటే అసలు గారడీ అక్కడే ఉంది. క్రూడు పడిన మొదటి కొన్ని రోజుల్లో తేలిక భాగం ఎండకు ఆవిరైపోతుంది. మట్టి పరీక్షలో నూనె అంకె దానంతటదే దిగుతుంది. ఆ ఘనతా పొడి ఖాతాలోకే వెళుతుంది. ఇంకో దారి, రెండు లారీల మంచి మట్టి తెచ్చి కలపడం. అంకె సగమవుతుంది, నూనె గ్రాము కూడా తగ్గదు. ఈ రెండిటినీ పట్టుకునే పద్ధతి చాలా కాలంగా ఉంది. క్రూడులో హోపేన్ అనే పదార్థం ఒకటుంటుంది. దాన్ని బ్యాక్టీరియా దాదాపు ముట్టుకోదు, అది తేలిగ్గా ఆవిరి కూడా అవదు. కాబట్టి ఆవిరయ్యే తేలిక భాగాన్ని పక్కనబెట్టి, మిగతా నూనెను హోపేన్‌తో పోల్చి చూడాలి. బ్యాక్టీరియా నిజంగా తింటే ఆ నిష్పత్తి పడిపోతుంది. మంచి మట్టి కలిపితే రెండూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి కదలదు. మీ ల్యాబుల్లో ఈ పరీక్ష చేసే యంత్రాలున్నాయి. రిపోర్టులో ఆ ఒక్క వరుస ఎందుకు లేదో మీరే చెప్పాలి.

ఇంకా సులువైనది ఒకటుంది. పాడైన చేలో ఒక సెంటు చెక్క ఏమీ చల్లకుండా వదిలెయ్యండి. ఇంకో సెంటులో పొడి లేకుండా దున్ని ఎరువు మాత్రం వెయ్యండి. మూడో దాంట్లో పొడి కూడా కలపండి. మూడిటినీ ఒకే రోజున, ఒకే లోతున పరీక్షించండి. ఏది పని చేసిందో రైతుకే కనిపిస్తుంది. రెండో చెక్కకూ మూడో చెక్కకూ తేడా లేదని తేలితే బస్తాల ఖర్చూ మీకే మిగులుతుంది.

ఇక కాలం. మా డెల్టాకు ఈ పని చెయ్యడానికి ప్రకృతి ఒక గడువు పెట్టింది. దాళ్వా కోత అయి, ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేదాకా చేను ఆరి ఉంటుంది. గాలి లోపలికి వెళ్ళేది అప్పుడే. సార్వాలో కారినా దాళ్వాలో కారినా, ముందు చెయ్యాల్సింది బోదెలకూ తూములకూ గట్టి కట్టు వేసి నూనె మురుగు కాలువలోకి పోకుండా ఆపడం, తేలినదాన్ని ఎండుగడ్డితోనో ఊకతోనో పీల్చి తీసెయ్యడం. అంతవరకే. తడి మీద దున్నితే రేగడి ముద్దయి నూనె ఇంకా లోపలికి కూరుకుంటుంది. అసలు వైద్యం వేసవిలో: ఊకో కొబ్బరి పొట్టో వేసి మట్టి గుల్లబారేలా చెయ్యడం, కోళ్ళ ఎరువూ యూరియా విడతలుగా వెయ్యడం, పదిహేను రోజులకోసారి తిరగదున్నడం. మే నెల ఎండకు మట్టి మరీ ఎండిపోయినా బ్యాక్టీరియా నిద్రపోతుంది కాబట్టి తడి పెట్టాలి. ఆ తడికి ట్యాంకరుతో మంచినీళ్ళే తేవాలి. సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్ళు ఉప్పన, అవి పెడితే ఉన్నది కూడా పోతుంది.

ఉప్పు అన్నాను కాబట్టి ఒక మాట. చమురుతో పాటు భూమిలోంచి వచ్చే నీరు చాలా చోట్ల ఉప్పునీరే. లైను కారినప్పుడు అదీ చేలో పడుతుంది. సూక్ష్మజీవులు నూనెను తింటాయి గాని ఉప్పును తినవు. నూనె పోయినా చేను పండలేదంటే చాలాసార్లు దోషం దీనిదే. దానికి జిప్సం వెయ్యాలి, మంచినీటితో కడగాలి, మురుగు బయటికి పోయే దారి ఉండాలి. కాబట్టి మట్టి పరీక్షలో నూనెతో పాటు ఉప్పు శాతం, సోడియం కూడా రాయండి. ఇది మీకు చిన్న ఖర్చు.

ఒక్క వేసవిలో అంతా పోతుందని నేను ఎవరికీ మాటివ్వను. తిన్నని గొలుసుల భాగం ముందు పోతుంది, కొమ్మలున్నవి ఆ తర్వాత. నాలుగైదు కర్బన వలయాలు అతుక్కుని ఉన్న పదార్థాలు (ఆరోమాటిక్ అంటారు) మొండివి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. తారు భాగాన్ని బ్యాక్టీరియా దాదాపు వదిలేస్తుంది. రెండు వేసవులు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు. మీరు రైతుకు ఒక్క పంట నష్టం కట్టి చేతులు దులుపుకుంటున్నారు. మట్టిలో నూనె ఎన్నాళ్ళుంటే అన్ని పంటలకూ కట్టాలి. ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతుందో కూడా చూడండి. కోనసీమలో చేను దున్నేది ఎక్కువగా కౌలు రైతు. పాస్‌బుక్కు ఇంకొకరి పేరున ఉంటుంది. ఆ ఇంకొకరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. చెక్కు ఆయనకు వెళుతుంది. మక్తా మాత్రం కౌలుదారు ఇంటినుంచే కట్టాలి. నాకు ఈ లెక్క ఎన్నడూ అర్థం కాలేదు.

ఇవన్నీ మీ దయాదాక్షిణ్యాల మీద అడుగుతున్నవి అనుకోవద్దు. నూనె బురద ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది, 2016 నిబంధనల ప్రకారం దాన్ని ఎక్కడ పడితే అక్కడ పోయడానికి లేదు. గీకి ఎత్తుకెళ్ళిన మా మట్టి ఎక్కడికి వెళ్ళిందో చెప్పాల్సిన బాధ్యత మీకుంది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో విడిగా నిబంధనలే తెచ్చింది. పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్నది వాటి సారం.

1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. వాటికి మంత్రులు వచ్చారు, కమిటీలు వేశారు. అరెకరం చేలో క్రూడు కారితే వీఆర్వో తప్ప ఎవరూ రారు. అందుకే ఆ అరెకరం సంగతి ఇంత పొడుగ్గా రాయాల్సి వచ్చింది.

వచ్చే ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు, గత అయిదేళ్ళలో మీ లైన్లు కారిన ప్రతి చేను జాబితా ఆ పంచాయతీ ఆఫీసులో అంటించండి. సర్వే నంబరు, కారిన తేదీ, దున్నుతున్నవాడి పేరు, ఆఖరి మట్టి పరీక్ష అంకెలు అన్నీ అందులో ఉండాలి. నమూనాలు పైపైన కాదు, అర అడుగు, అడుగున్నర, మూడడుగుల లోతుల్లో తియ్యండి. తీసే రోజు రైతుకు ముందుగా చెప్పండి. తీసిన మట్టిలో సగం సీలు వేసి అతనికి ఇవ్వండి, దాన్ని మేం వేరే ల్యాబులో చేయించుకుంటాం.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్